మండపం సైటుకు తాళం

మాఘమాసం. ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. పాలకొల్లు చుట్టుపక్కల ఓ కల్యాణ మండపం ఉందనుకుందాం. దాని యజమానికి అరవై దాటాయి. బుకింగులన్నీ ఇన్నాళ్లూ ఎర్ర అట్ట రిజిస్టర్లోనే. మొన్న దసరా సెలవులకి వచ్చిన మేనల్లుడు 'ఈ రోజుల్లో కూడా ఇదేంటి మావయ్యా' అని రెండు శని, ఆదివారాలు కూర్చుని ఓ వెబ్‌సైటు తయారుచేసి పెట్టాడు. పెళ్లివారు తేదీ చూసుకోవచ్చు. పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి, ఆధార్ ఫొటో జతచేసి, అడ్వాన్సు కట్టిన వివరాలు నింపితే చాలు. హాలు ఖాయం!

వారం తిరక్కుండానే హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి ఫోను.

''ఒరేయ్ అల్లుడూ, మన హాలు సేఫ్ కాదంటోందిరా ఈ ఫోను. భీమవరం పార్టీవాళ్లు చూసి వెనక్కి తగ్గారు.''

''హాలు కాదు మావయ్యా, సైటు. తాళం వెయ్యలేదు దానికి. ఈ ఆదివారం వేస్తాలే.''

తాళం వెయ్యకుండా సైటు ఎందుకు పెట్టినట్టు? ఈ ప్రశ్న మావయ్య అడగలేదు గానీ, అడిగి ఉంటే మేనల్లుడి దగ్గర జవాబు లేదు. ఎందుకంటే చాలామంది కుర్రాళ్లకి సైటు తయారుచెయ్యడం నేర్పినవాళ్లు ఉన్నారు, దాన్ని నలుగురి మధ్యకి తెచ్చేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పినవాళ్లే తక్కువ.

కార్డు ముక్కా... కవరా?

'నాట్ సెక్యూర్' అని ఆ ఫోను చూపించిన మాటకి అర్థం తేలికే. వెనకటికి కార్డు ముక్క మీద ఉత్తరం రాసేవాళ్లు. పోస్టుమాన్ చదవొచ్చు, పక్కింటివాళ్లు చదవొచ్చు. రహస్యమైతే కవర్లో పెట్టి అంటించేవాళ్లు. హెచ్‌టీటీపీ కార్డు ముక్క, హెచ్‌టీటీపీఎస్ అంటించిన కవరు. 2018 జులైలో వచ్చిన క్రోమ్ 68 వెర్షన్ నుంచి, కార్డు ముక్క మీద నడిచే ప్రతి సైటుకీ గూగుల్ ఈ ముద్ర వేస్తోంది.

కవరు కొత్తదేం కాదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీవాళ్లు, ఇంటర్నెట్‌లో క్రెడిట్ కార్డు నంబరు పంపాలంటే జనం భయపడుతున్నారని ఎస్ఎస్ఎల్ అనే పద్ధతి మొదలుపెట్టారు. ఈజిప్టులో పుట్టిన తాహెర్ ఎల్‌గమాల్ అక్కడ ముఖ్య శాస్త్రవేత్తగా పనిచేశారు. మొదటి వెర్షన్‌లో లోపాలు తేలడంతో దాన్ని బయటికే వదల్లేదు. రెండోది 1995లో వచ్చింది. తర్వాత టీఎల్ఎస్‌గా పేరు మారి, 2018లో 1.3 దాకా వచ్చింది. తొలి నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో తాళంకప్ప కాదు, తాళంచెవి బొమ్మ ఉండేది. సురక్షితం కాని పేజీలో ఆ చెవి విరిగి కనిపించేది. చూడగానే తెలిసేది! అంత ముచ్చటైన బొమ్మ తర్వాత ఎవరికీ తట్టినట్టు లేదు.

చిక్కల్లా ఖర్చు దగ్గరే. 'ఈ సైటు ఫలానా వాళ్లదే' అని ఓ మూడో మనిషి సంతకం పెట్టిన ధ్రువపత్రం... అదే సర్టిఫికెట్... కావాలి. పేరున్న కంపెనీలు దానికి ఏడాదికి వందల డాలర్లు తీసుకునేవి. బ్యాంకులు కొనుక్కున్నాయి. మిగతావాళ్లు లాగిన్ పేజీకి మాత్రం కవరు వాడి, ఆ తర్వాత అంతా కార్డు ముక్కలతోనే సరిపెట్టారు.

అదెంత ప్రమాదమో 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ చూపించాడు. ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి తగిలించే చిన్న పనిముట్టు రాసి వదిలాడు. కాఫీ షాపులో పాస్‌వర్డ్ లేని వైఫైలో కూర్చుని అది తెరిస్తే, చుట్టుపక్కలవాళ్ల ఫేస్‌బుక్, ట్విట్టర్ ఖాతాలు పేర్లతో సహా వరసగా కనిపించేవి. పేరు మీద నొక్కితే ఆ ఖాతాలో మనమే! పాస్‌వర్డ్ దొంగిలించే పనే లేదు. గుడి దగ్గర చెప్పుల స్టాండు తెలుసుగా. టోకెను చూపిస్తే చెప్పులిస్తారు, మొహం ఎవరూ చూడరు. లాగిన్ అయ్యాక సైటు ఇచ్చే కుకీ కూడా అలాంటి టోకెనే. కార్డు ముక్క మీద అది గాల్లో తిరుగుతుంటే ఎవరైనా నకలు తీసుకోవచ్చు. బట్లర్ చేసిన గొడవ తర్వాత మూడు నెలలకే, 2011 జనవరిలో, ఫేస్‌బుక్ అన్ని పేజీలకీ హెచ్‌టీటీపీఎస్ వాడుకునే వీలు కల్పించింది.

మరి మండపం యజమానిలాంటి వాళ్ల సంగతి? 2012లో మొజిల్లాలో పనిచేస్తున్న జాష్ ఆస్, ఎరిక్ రెస్కోర్లా ఒక వైపు, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌లో పీటర్ ఎకర్స్‌లీ, మిషిగన్ విశ్వవిద్యాలయంలో అలెక్స్ హాల్డర్‌మన్ మరో వైపు ఇదే ఆలోచన చేస్తున్నారు. సర్టిఫికెట్ ఉచితంగా, అడగ్గానే, మనిషి చెయ్యి తగలకుండా ఇవ్వాలి. నలుగురూ కలిశారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అలా పుట్టింది. 2015 సెప్టెంబరు 14న తొలి సర్టిఫికెట్ ఇచ్చారు. 2020 ఫిబ్రవరికి వంద కోట్లు పూర్తయ్యాయి! ఎకర్స్‌లీ మాత్రం 2022 సెప్టెంబరులో కన్నుమూశారు. వయసు 43.

మన మేనల్లుడు వెయ్యబోయే తాళం వీళ్లదే. పైసా ఖర్చు లేదు.

పత్రికాఫీసులో పుట్టింది

కుర్రాడు సైటు కట్టింది జాంగోతో. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టుకోవడానికి కావలసిన సరంజామా అది. పత్రిక చదివేవాళ్లకి నచ్చే సంగతేమిటంటే, జాంగో పుట్టింది ఓ వార్తాపత్రిక ఆఫీసులో. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊళ్లో 'లారెన్స్ జర్నల్-వరల్డ్' పత్రిక ఉంది. 2003లో అక్కడ పనిచేసే ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దీన్ని మొదలుపెట్టారు. పొద్దున చెప్పిన పేజీ సాయంత్రానికి సిద్ధం కావాలి... న్యూస్ డెస్కుల సంగతి తెలిసిందే. ఆ హడావుడిలోంచి వచ్చిందిది. 2005 జులైలో ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేశారు. పేరు జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడిది. అగ్నిప్రమాదంలో ఎడమచేతి వేళ్లు రెండు దెబ్బతిన్నా వాయించినవాడాయన.

హడావుడిగా పని పూర్తిచెయ్యడానికి పుట్టింది కాబట్టే కాబోలు, జాంగోలో ఓ పెద్ద సదుపాయం ఉంది. సైటు కడుతున్నప్పుడు తప్పు దొర్లితే తెర మీద పూసగుచ్చినట్టు చెబుతుంది. ఏ ఫైల్లో ఏ లైన్లో తేడా వచ్చింది, ఆ క్షణాన ఏ లెక్కలో ఏ విలువ ఉంది... అన్నీ. దీని పేరు డీబగ్. కట్టేవాడికి వరం. జనం మధ్యకి వచ్చాక కూడా ఆపకపోతే మాత్రం, ఇంటి ప్లానుతోపాటు బీరువా ఎక్కడుందో గేటుకి అంటించినట్టే. పాస్‌వర్డ్, సీక్రెట్ లాంటి పేర్లున్న సెట్టింగులను జాంగో తనంతట తానే చుక్కలతో కప్పేస్తుంది. అదే పాస్‌వర్డ్‌ని ఇంకో పేరు పెట్టి రాసుకుంటే కప్పదు. 2018 మార్చిలో ఫాబియో కాస్ట్రో అనే పరిశోధకుడు వెతికితే, డీబగ్ ఆపకుండా వదిలేసిన జాంగో సైట్లు 28 వేలకు పైగా దొరికాయి. కొన్నింట్లో డేటాబేస్ పాస్‌వర్డ్‌లు బాహాటంగా కనిపించాయి.

మన మండపం సైటులో కూడా డీబగ్ 'ట్రూ' అనే ఉంది. అంతకన్నా ఘోరం, పరీక్షకి మాత్రమే వాడాలని జాంగో వాళ్లే మొత్తుకుని చెప్పే 'రన్‌సర్వర్'తోనే సైటు నడుస్తోంది. అందుకే అడ్రసు చివర 8000 అని ఓ తోక!

గుమ్మం దగ్గర ఒకరు, వంటింట్లో ఒకరు

ఆదివారం పొద్దున్నే మేనల్లుడు కూర్చున్నాడు. నెలకి అయిదారు వందలకి అద్దెకి దొరికే చిన్న సర్వరు అది. ముందు సర్వరు తలుపులు. తనకంటూ వేరే యూజరు, ఎస్ఎస్‌హెచ్ తాళంచెవి పెట్టుకుని, పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చే దారి మూసేశాడు. ఇంటర్నెట్‌లో సర్వరు పెట్టిన కాసేపటికే ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి పాస్‌వర్డ్‌లు ఊహించి చూస్తుంటాయి. సర్వరు లాగ్ తెరిస్తే ఎవరికైనా కనిపించేదే. ఫైర్‌వాల్‌లో మూడే గుమ్మాలు వదిలాడు. తను రావడానికి 22, జనానికి 80, 443. డేటాబేసు గుమ్మం 5432 బయటికి తెరవనేలేదు. దానితో మాట్లాడాల్సింది లోపలున్న జాంగో ఒక్కటే.

తర్వాత రన్‌సర్వర్‌ని సాగనంపి, ఆ చోట గునికార్న్‌ని కూర్చోబెట్టాడు. దాని ముందు ఎంజినెక్స్. మండపం భాషలో చెప్పాలంటే, ఎంజినెక్స్ గుమ్మం దగ్గర పన్నీరు చల్లి లోపలికి పంపే పెద్దమనిషి, గునికార్న్ వంటమేస్త్రీ. అతిథులు నేరుగా వంటింట్లోకి రారు. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ 2004లో విడుదల చేసిన ఈ ఎంజినెక్స్, ఒకేసారి వేలమంది వచ్చినా తొణకదు. బొమ్మలు, రంగుల ఫైళ్లు తానే ఇచ్చేస్తుంది. లెక్కలు చూడాల్సిన పని వస్తేనే లోపలికి పంపుతుంది. గునికార్న్‌ని రూట్ అధికారంతో కాకుండా, ఏ హక్కులూ లేని వేరే యూజరు పేరుతో నడపాలి. రేపు ఎవడైనా వంటింట్లో దూరినా స్టోరు గది తాళాలు దొరకవు.

ఇప్పుడు తాళం. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాము ఉంది. అదీ పైథాన్‌లో రాసిందే. దానికి సైటు పేరు చెబితే, వెళ్లి లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ని అడుగుతుంది. 'ఆ సైటు నీదేనని నమ్మకమేంటి? ఇదిగో ఈ గుర్తుని ఫలానా చోట పెట్టు, వచ్చి చూస్తాం' అంటారు వాళ్లు. సర్ట్‌బాట్ పెడుతుంది. వాళ్లు ఒక చోటి నుంచి కాకుండా వేర్వేరు చోట్ల నుంచి వచ్చి 80వ గుమ్మంలో చూస్తారు. గుర్తు కనిపిస్తే సర్టిఫికెట్ చేతిలో పడుతుంది. రెండు నిమిషాల పని.

రెండు నిమిషాల్లో అయిపోతే ఇంత చెప్పేదేముంది? అసలు తిరకాసు ఆ తర్వాతే వచ్చింది. అందరూ హెచ్‌టీటీపీఎస్‌లోనే రావాలని జాంగోలో 'సెక్యూర్ ఎస్ఎస్ఎల్ రీడైరెక్ట్' అనే సెట్టింగు పెట్టాడు కుర్రాడు. పెట్టగానే సైటు ఆగిపోయింది. 'టూ మెనీ రీడైరెక్ట్స్' అంటుంది తప్ప పేజీ రాదు. పదకొండైంది, పన్నెండైంది. అటు మావయ్య ఫోను.

''ఏమైందిరా, నిన్నటిదాకా సేఫ్ కాదనైనా తెరుచుకునేది!''

తీరా చూస్తే జరిగిందిది. కవరు గుమ్మం దగ్గరే విప్పేస్తుంది ఎంజినెక్స్. విప్పిన కాగితాన్నే లోపలికి ఇస్తుంది. జాంగో ఆ కాగితం చూసి, 'ఇది కార్డు ముక్కలా ఉందే, కవర్లో పెట్టి తీసుకురా పో' అంటుంది. అతిథి మళ్లీ కవరుతోనే వస్తాడు. గుమ్మంలో మళ్లీ విప్పుతారు. జాంగో మళ్లీ వెనక్కి పంపుతుంది. ఎన్నిసార్లు తిరిగినా అంతే! మందు ఏమిటంటే, కాగితం లోపలికి ఇచ్చేటప్పుడు 'ఇది కవర్లోనే వచ్చింది' అని ఎంజినెక్స్ ఓ చీటీ తగిలించాలి. ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అంటారు దాన్ని. ఆ చీటీని నమ్మమని 'సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్' సెట్టింగులో జాంగోకి చెప్పాలి. ఇందులో ఇంకో మెలిక. బయటివాడే అలాంటి దొంగ చీటీ తగిలించుకుని వస్తే? అందుకే ఎంజినెక్స్ పాత చీటీ పీకేసి తన చీటీయే పెట్టేలా రాసుకోవాలి. జాంగో పత్రాల్లో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. అంతదాకా చదివేవాళ్లే అరుదు.

మిగతావి చకచకా అయిపోయాయి. కుకీలు హెచ్‌టీటీపీఎస్‌లో తప్ప వెళ్లకుండా రెండు సెట్టింగులు... ఫైర్‌షీప్ బెడదకి జాంగో చూపే మందు ఇదే. డీబగ్ 'ఫాల్స్'. సైటు పేరు 'అలవ్డ్ హోస్ట్స్'లో. సీక్రెట్ కీ మాత్రం కాస్త తలనొప్పి తెచ్చింది. పాస్‌వర్డ్ మార్చుకునే లింకుల్లాంటి వాటి మీద జాంగో సంతకం చేసేది ఆ కీతోనే. కుర్రాడు దాన్ని సెట్టింగుల ఫైల్లోనే ఉంచి, మొత్తం తీసుకెళ్లి గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టాడు, ఉద్యోగానికి చూపించుకోవడానికి పనికొస్తుందని. ఇప్పుడు తుడిచేస్తే సరిపోదు. పాత కాపీలన్నీ గిట్ చరిత్రలో భద్రంగా ఉంటాయి. కొత్త కీ చేసుకుని, సర్వరులో వేరే చోట దాచుకోవడమే దారి. 'చెక్ డిప్లాయ్' అనే ఆదేశం ఇస్తే ఇంకేం మిగిలాయో జాంగోయే చదివి చెబుతుంది. ఈ ఒక్క ఆదేశం మొదటి రోజే ఇచ్చి ఉంటే సగం గొడవ తప్పేది.

ఆ జాబితాలో హెచ్ఎస్‌టీఎస్ అని ఒకటుంటుంది. 'ఈ సైటుకి ఇంకెప్పుడూ కార్డు ముక్క మీద రాకు' అని బ్రౌజర్‌తో ఒట్టు వేయించుకోవడం అది. ఏడాదికి, అంటే 3,15,36,000 సెకన్లకి పెట్టేస్తారు కొందరు, ఉత్సాహంగా. మధ్యలో సర్టిఫికెట్ చెడితే అంతే సంగతులు, 'పర్లేదు, లోపలికి వెళ్తా' అనే అవకాశం కూడా బ్రౌజర్ ఇవ్వదు. ముందు ఓ గంటకి, 3,600 సెకన్లకి పెట్టుకుని, అన్నీ సవ్యంగా ఉన్నాయనుకున్నాక పెంచుకోవడం మేలు.

తాళం ఉంది, కిటికీ తెరిచుంది

మధ్యాహ్నం మూడింటికి తాళం పడింది. మావయ్య సంతోషపడ్డాడు. కుర్రాడు భోజనానికి లేవబోతూ, ఊరికే ఓ పని చేశాడు. లాగిన్ కాకుండా, వేరే బ్రౌజర్‌లో, అప్‌లోడ్ అయిన ఒక ఆధార్ ఫొటో చిరునామా కొట్టాడు. ఫొటో వచ్చింది! వరుస నంబర్లు మార్చి కొడితే మిగతా పెళ్లివారి ఆధార్లూ వచ్చాయి. చక్కగా, తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్‌లోనే. అడిగినవాడికల్లా ఇచ్చెయ్యమని ఎంజినెక్స్‌కి తను చూపించిన ఫోల్డర్లోనే అవీ ఉన్నాయి మరి.

కవరు దారిలో కాపాడుతుంది. ఇంట్లో పెట్టుకున్న కాగితాన్ని కాపాడదు. ఫొటోలని ఆ ఫోల్డరు నుంచి తీసి, లాగిన్ అయిన మేనేజరు అడిగితే తప్ప ఇవ్వకుండా మార్చాడు. అసలు హాలు బుకింగుకి ఆధార్ ఎందుకన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. తప్పదనుకుంటే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉండనే ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని ఉంది. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. పాలకొల్లు మండపానికి అంత జరిమానా ఎవరూ వెయ్యరనుకోండి. కానీ పెళ్లికూతురి తండ్రి ఆధార్ మీద ఎవడో అప్పు తీసుకున్నాడని తెలిస్తే ఆ ఊళ్లో మళ్లీ ఎవరు హాలు బుక్ చేస్తారు?

తాళం గురించి ఇంకో భ్రమ కూడా ఉంది. తాళం ఉంటే మంచి సైటేనని జనం నమ్మకం. దొంగ సైటువాడు కూడా ఇదే లెట్స్ ఎన్‌క్రిప్ట్ తాళం ఉచితంగా తెచ్చుకుంటాడు. 'మీరు మాట్లాడుతున్నది ఫలానా పేరున్న సైటుతోనే' అన్నంతవరకే దాని హామీ. ఈ గందరగోళం చూసే 2023 సెప్టెంబరులో క్రోమ్ తాళం బొమ్మనే తీసేసింది.

మూడు నెలల ముచ్చట

లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా ఇచ్చే సర్టిఫికెట్ 90 రోజులే. సర్ట్‌బాట్ రోజుకి రెండుసార్లు లేచి చూసుకుని, గడువు దగ్గరపడితే తనే కొత్తది తెస్తుంది. తేవాలి. తేకపోతేనే కథ. ఎవరో 'హెచ్‌టీటీపీఎస్ వచ్చిందిగా, ఇంకా 80 ఎందుకు' అని ఫైర్‌వాల్‌లో ఆ గుమ్మం మూసేస్తారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు గుర్తు చూడటానికి వచ్చేది ఆ గుమ్మంలోకే! మూడు నెలల దాకా ఎవరికీ తెలీదు. సరిగ్గా ముహూర్తాల రోజుల్లో సైటు ఎర్ర పేజీ చూపిస్తుంది. ఇది చిన్నవాళ్లకే జరిగేదనుకోవద్దు. 2018 డిసెంబరు 6న బ్రిటన్‌లో ఓ2 మొబైల్ వాడేవాళ్లందరికీ ఇంటర్నెట్ ఆగిపోయింది. జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్‌కీ అదే గతి. ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్‌కి గడువు తీరిపోయింది, అంతే.

గడువు దగ్గరపడిందని ఇదివరకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఈమెయిల్ పంపేది. 2025 జూన్ 4 నుంచి అదీ ఆపేసింది. పైగా బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు కలిసి చేసుకున్న తీర్మానం ప్రకారం 2029 మార్చి నుంచి ఏ సర్టిఫికెట్‌కీ 47 రోజులకి మించి ఆయుష్షు ఉండదు. చేత్తో మార్చుకునే రోజులు అయిపోయినట్టే.

కుర్రాడు సాయంత్రం 'రెన్యూ డ్రై రన్' ఆదేశం ఇచ్చి, ఉత్తుత్తి రెన్యువల్ చేసి చూశాడు. సరిగ్గానే జరిగింది. అప్పుడు ఫోన్ చేశాడు.

''మావయ్యా, అయిపోయింది. ఒక్క పని నువ్వు చెయ్యాలి. సర్వరు, సైటు పేరు రెండూ నా ఈమెయిల్ మీదే ఉన్నాయి. డబ్బు కట్ అయ్యేది నా కార్డులోంచే. నేను జూన్‌లో అమెరికా వెళ్తే ఎలా?''

''ఎలారా మరి?''

''నీ పేరుకి మార్చేస్తా. కాగితం తీసుకో.''

మావయ్య ఎర్ర అట్ట రిజిస్టరు తెరిచాడు. వెనక అట్ట లోపల, జనరేటరు సర్వీసింగు తేదీ, ఫైర్ ఎన్‌వోసీ గడువు రాసుకున్న చోట ఇంకో రెండు గీతలు గీశాడు.

''ఊఁ, చెప్పు. సర్వరుకెప్పుడు? పేరుకెప్పుడు?''